అతుకు మాటల రుబియేలా

“చేతులు పోయాయి, సరే. ఇంగ్లీషు రాయడమైనా వచ్చా, రుబియేలమ్మా?”

అడిగినవాడు హెర్మాన్ కమార్గో. పూలతోటలో అమ్మకాల అధికారి, ముప్ఫై మూడేళ్ళవాడు. అడిగించుకున్నది రుబియేలా చితీవా. నలభై ఏడేళ్ళ మనిషి, అందులో పంతొమ్మిదేళ్ళు అదే తోటలో గులాబీలు ఏరింది. కమార్గో కసిరి అడగలేదు, మర్యాదగానే అడిగాడు. మా బొగోతా పీఠభూమిలో ఎంత మొరటు మాటనైనా మర్యాదగానే అంటాం. పెరట్లో దూరిన కుక్కని తోలేటప్పుడు కూడా “తమరు కాస్త అవతలికి” అంటాం.

“వచ్చు, డాక్టర్ గారూ” అంది రుబియేలా.

అందులో రెండు అబద్ధాలున్నాయి. కమార్గో డాక్టరు కాదు, చదివింది వ్యాపారం. కాకపోతే బొగోతా చుట్టుపక్కల డిగ్రీ ఉండి టై కట్టినవాడెవడైనా డాక్టరే. రెండోది, ఆమెకి ఇంగ్లీషు రాయడం రాదు. పంతొమ్మిదేళ్ళపాటు పెట్టెల మీద చీటీలు చదివింది, ఫాకా ఊరి గ్రంథాలయంలో శనివారాలు నడిచే ఉచిత క్లాసుకి నాలుగుసార్లు వెళ్ళింది. అంతే.

అబద్ధం ఎందుకాడిందో చెప్పాలంటే బకెట్ల సంగతి చెప్పాలి. గులాబీ కాడని పలక మీద పెట్టి పొడుగు చూడాలి, కింది ఆకులు దూయాలి, కత్తిరించాలి, ఇరవై ఐదు కాగానే కట్ట కట్టాలి. అమెరికా వాళ్ళ ప్రేమికుల రోజు ముందు ఇది రోజుకి పద్నాలుగు గంటలు సాగుతుంది. పంతొమ్మిది జనవరులు గడిచేసరికి రుబియేలా రెండు మణికట్లలోనూ నరాలు నలిగాయి. రెండింటికీ కోత పడింది. ఇకమీదట ఈవిడ కత్తెర పట్టకూడదు, మణికట్టు తిప్పకూడదు, చన్నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు అని కార్మికుల వైద్యుడు కాగితం రాసిచ్చాడు. అలాంటి కాగితం ఉన్న మనిషిని తీసెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. వేరే పని చూపించాలి. చూపించే పని ఏమిటంటే పూల బకెట్లు కడిగే పెరడు. “ప్రస్తుతానికి అక్కడ ఉండండి, తేలిక పని, గొట్టం పట్టుకుంటే చాలు” అంటారు. తెల్లారగట్ల మంచు కురిసే ఊళ్ళో, మందు కలిపిన నీళ్ళలో, రెండు నెలలు గొట్టం పట్టుకున్న మనిషి తన రాజీనామా తనే రాసిస్తుంది. ఎవరూ ఎవరినీ తీసెయ్యలేదు. చట్టం చెక్కుచెదరలేదు.

సరిగ్గా అప్పుడే, కొనుగోలుదారుల ఫిర్యాదులకి జవాబులు రాసే అమ్మాయి బొగోతాలో మంచి ఉద్యోగం దొరికి వెళ్ళిపోయింది. కుర్చీ ఖాళీ అయింది. మూడు నెలలు చూస్తాం, నెగ్గితే ఉంటారు, లేకపోతే బకెట్లకి వెళ్తారు అన్నాడు కమార్గో. రుబియేలా కూర్చుంది.

తోట వాళ్ళు నెలనెలా వేసే పత్రికలో ఆమె ఫోటో వచ్చింది. చేతిలో గులాబీ, కింద ‘పట్టుదలకి పరిమళం తోడైతే’ అని శీర్షిక. ఫోటో తీసినవాడు తన చేతికిచ్చింది మెడ వంగిన పువ్వని, తాను ఏరే రోజుల్లో అయితే దాన్ని చెత్తలో వేసేదాన్నని ఆమె అందరికీ చెప్పింది. పరిమళం మాటకొస్తే, ఎగుమతి గులాబీకి వాసన ఉండదు. ఇలాంటి రాతలు రాసేవాళ్ళు తోటలోకి అడుగుపెట్టరు.

మొదటి నెల నరకం. పేర్లు ఆమెకి కొట్టినపిండి. కాడ, కట్ట, మొగ్గ, బూజు, విరిగిన మెడ, నలిగిన రేకు, అన్నిటికీ ఇంగ్లీషు మాట తెలుసు. క్రియలు కొన్ని తెలుసు. తెలియనివల్లా ఒక ముక్కని ఇంకో ముక్కతో కలిపే మాటలు. వ్యాకరణ పుస్తకం వాటికేదో పెద్ద పేరు పెట్టింది. రుబియేలా వాటిని ‘అతుకులు’ అనేది. ఆమె రాసిన మొదటి జవాబుని మన భాషలోకి తెస్తే ఇలా ఉంటుంది: ‘పూలు సోమవారం బయల్దేరాయి మరియు విమానం ఆలస్యమైంది మరియు పూలు వేడెక్కాయి మరియు మేము మీ ఫోటోలు చూశాము మరియు ధన్యవాదాలు.’

కొన్నవాడు తిరిగి ఒక్క ముక్క రాశాడు: ఇంతకీ మీరనేదేమిటి?

కమార్గో ఆ కాగితాన్ని ఎర్ర సిరాతో నింపి పంపాడు. ఎందుకు వేడెక్కాయో, దేనివల్ల ఏం జరిగిందో, ఏమైనప్పటికీ మనం ఏమంటున్నామో తెలియాలి కదమ్మా, ఇది ఉత్తరమా, సంతలో సరుకుల జాబితానా అన్నాడు. జరిగినవన్నీ జరిగిన వరసలో చెప్పాను, వాటిని కలుపుకోవడం చదివేవాడి పని కదా అని రుబియేలా మనసులో అనుకుంది. ఈ మాట ఆమె తర్వాత చాలాసార్లు పైకే అంది, నాతో కూడా అంది. అందులో తర్కం లేకపోలేదు. మన అమ్మమ్మలందరూ అలాగే చెప్పారు: వాన పడింది, ఆవు చచ్చింది, మీ తాత ఊరు వదిలాడు. ఏది దేనివల్లో ఎవరూ అడగలేదు.

శనివారం క్లాసు చెప్పే కుర్రాడు విల్మెర్ గచర్నా, ఇరవై నాలుగేళ్ళవాడు. చాలా ఓపికమంతుడని పేరు. ఆ పేరు రుబియేలా వచ్చేవరకే నిలిచింది. అతను ఇచ్చే కాగితాల మీద రెండు వాక్యాలూ మధ్యలో ఖాళీ ఉండేవి. ఖాళీలో సరైన అతుకు పెట్టాలి.

“‘అతనికి ఆకలేసింది’, ఖాళీ, ‘రొట్టె తిన్నాడు.’ ఇక్కడేం వస్తుంది, రుబీ అమ్మగారూ?”

“ఏమీ రాదు మాస్టారూ. ఆకలేస్తే తింటాడని పసిపిల్లకి కూడా తెలుసు. మధ్యలో మాటెందుకు?”

“పరీక్షలో అలా వదిలేస్తే మార్కులు రావండీ.”

“పోనీ ‘అన్‌లెస్’ అంటే ఏమిటో చెప్పండి.”

“ఇది జరిగితే తప్ప, అది జరగదు.”

“అంటే జరిగినట్టా, జరగనట్టా?”

విల్మెర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడట. ‘ఆల్దో’ దగ్గర ఇంకా పెద్ద గొడవైంది. ‘వాన పడుతున్నా ఆమె బయటికి వెళ్ళింది’ అన్న వాక్యంలో వింతేమిటో ఆమెకి అర్థం కాలేదు. ఫాకాలో వాన పడని రోజు చూసుకుని బయటికి వెళ్ళాలంటే మనిషి ఇంట్లోనే ముసలిదవుతుంది. ఆ కాగితాలు రాసినవాడు ఎండ ఊళ్ళో పుట్టాడని తేల్చేసింది.

ఇంటికి వచ్చి వేడి బెల్లం నీళ్ళు తాగుతూ కాగితం చించేది. మళ్ళీ అతికించేది. చింపితే కట్టలు విప్పినట్టే, ఏరినవి మళ్ళీ ఏరాలి కదా అనేది.

చివరికి ఆమెని ఒడ్డున వేసింది ఇంగ్లీషు కాదు, ఏరుడు. కట్టల చుట్టూ చుట్టే ముడతల అట్ట ముక్కలు తెచ్చి ఒక్కో అట్ట మీద ఒక్కో అతుకు రాసింది. వాటిని నలభై, యాభై, అరవై సెంటీమీటర్ల కాడల్ని వేరు చేసినట్టు వేరు చేసి, ఆఫీసులో తన బల్ల ఎదురుగా గోడకి గుచ్చింది. కారణం చెప్పేవి ఒక వరస. ఎదురు తిరిగేవి ఒక వరస. షరతు పెట్టేవి ఒకటి. ‘కాబట్టి ఇదీ లెక్క’ అని తేల్చేవి ఒకటి. ‘అండ్’ ఒక్కదాన్నీ కిటికీ అవతల, చేతికందనంత దూరంలో గుచ్చింది. వాక్యం రాశాక ముందు ముక్కని పట్టుకుని వెనక ముక్కని ఊపి చూడాలట. కాడని కింద పట్టుకుని ఊపితే మెడ వేలాడే పువ్వు పనికిరాదు కదా, అలాగే వేలాడే వాక్యమూ పనికిరాదు. విల్మెర్ ఈ పద్ధతి శ్రద్ధగా విన్నాడు. తర్వాతి శనివారం తన క్లాసులో అదే చెప్పాడు, ఎవరిదో చెప్పకుండా.

చలిగది చూసే నీదియా బొఓర్కెస్ ఒకరోజు లోపలికి తొంగి చూసింది. రుబియేలా కూతురికి చర్చిలో బాప్తిస్మం నాడు తల్లిగా నిలబడిన జ్ఞానతల్లి, అంచేత వదిన వరస, అంచేత నోటికి అడ్డులేదు.

“ఏమే వదినా, పూలు మానేసి మాటలు ఏరుతున్నావటగా. కట్టకెన్నేంటి?”

“ఇరవై ఐదు. నీ నోట్లోంచి వచ్చేవి మాత్రం ఏరను. అన్నీ బూజే.”

“బకెట్లకి రా, అక్కడ కడిగిపెడతాను.”

నవ్వులాట మాటే. కానీ నీదియా వెళ్ళాక రుబియేలా పెరటి వైపు కిటికీ మూసేసింది.

రెండో నెల చివరికి ఎర్ర సిరా తగ్గింది. న్యూజెర్సీ వాడొకడు ఆమె జవాబు చదివి తన ఫిర్యాదు తనే వెనక్కి తీసుకున్నాడు. కమార్గో ఆ రోజు కాఫీ తెప్పించాడు. ఇక ఒక్క నెల.

ఫిబ్రవరి తొమ్మిదో తారీకు దాటాక వచ్చిన గురువారం నాడు లోవెల్ ప్రూయిట్ ఫిర్యాదు వచ్చింది. మయామీలో పూలు దింపుకుని దుకాణాలకి పంచే పెద్దమనిషి. తోట పూలలో ఐదో వంతు అతనే కొంటాడు. అరవై పెట్టెలు, పెట్టె నూట ఎనభై డాలర్లు, మొత్తం పదివేల ఎనిమిది వందలు. పూలన్నీ వేడికి ఉడికి బూజు పట్టాయి, తప్పు మీదే, డబ్బు ఇవ్వనన్నాడు. ఒప్పందం ప్రకారం మూడు రోజుల్లో జవాబు వెళ్ళకపోతే తోట ఒప్పుకున్నట్టే. కమార్గో వచ్చి ఆమె బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టాడు. “ఇది మీ పరీక్ష అనుకోండి, రుబియేలమ్మా” అన్నాడు.

గురువారమంతా రుజువులు పోగుచేసింది. నీదియా చలిగది పట్టీ తెచ్చింది: లారీ ఎక్కినప్పుడు పెట్టెలు రెండు డిగ్రీలు. ప్రతి సరుకులోనూ సిగరెట్ లైటరంత యంత్రం ఒకటి పెడతారు. దారి పొడుగునా వేడి ఎంత ఉందో అది రాసుకుంటూ పోతుంది. ప్రూయిట్ తన ఫిర్యాదుతో పాటు దాని పట్టీ కూడా తనే పంపాడు, చదివి ఉండడు. మయామీలో ప్రూయిట్ మనిషి సంతకం పెట్టి సరుకు తీసుకున్నప్పుడు నాలుగు డిగ్రీలు, ఉదయం ఆరు గంటలు. ఆ తర్వాత పంతొమ్మిది డిగ్రీలు, మధ్యాహ్నం ఒంటిగంట దాకా. ఏడు గంటలపాటు పూలు అతని గోదాము గుమ్మంలో ఎండకి కూర్చున్నాయి.

“వాడికి చలిగదుందా వదినా, లేక పెట్టెల మీద ఉఫ్ అని ఊదుకుంటాడా?” అంది నీదియా.

శుక్రవారమంతా రాసింది. ఒక్కో అట్ట గోడ మీంచి దిగింది. పూలు మా దగ్గర్నుంచి రెండు డిగ్రీల్లో బయల్దేరినప్పటికీ. మీ మనిషి సంతకం నాలుగు డిగ్రీల దగ్గర ఉంది గనక. ఆ తర్వాత ఏడు గంటలు మీ గుమ్మంలోనే ఉన్నాయి కాబట్టి. వేరే పట్టీ ఏదైనా మీరు చూపిస్తే తప్ప, ఈ ఫిర్యాదుని మేము ఒప్పుకోలేము. ఆ ఆఖరి వాక్యంలో ‘అన్‌లెస్’ కూర్చోబెట్టడానికి గంటన్నర పట్టింది. కూర్చున్నాక లేచి వెళ్ళి బయట వానలో కాసేపు నిలబడింది.

శనివారం విల్మెర్ చదివాడు. రెండుసార్లు చదివాడు. పెన్ను మూత తియ్యకుండానే తిరిగి ఇచ్చాడు. మధ్యాహ్నం కమార్గో చదివాడు, ఎర్ర సిరా వాడకుండా కింద సంతకం పెట్టాడు. నీదియాకి ఇంగ్లీషు రాదు కాబట్టి రుబియేలా అర్థం చెప్పి వినిపించింది. దిట్టంగా ఉందని నీదియా అంది. నలుగురం చదివిన, విన్న ఆ ఉత్తరంలో మొదటి వాక్యం ఇది: ‘మీ పూలకి ఇలా జరిగినందుకు మేమెంతో బాధపడుతున్నాం, దయచేసి మమ్మల్ని మన్నించండి.’

నలుగురం అన్నాను. నాలుగోదాన్ని నేను. ఆ శనివారం గ్రంథాలయంలో పక్క బల్ల దగ్గర ఉన్నాను, నాకూ చూపించింది, పదేళ్ళుగా ఇంగ్లీషులో చదివి రాసి బతుకుతున్నదాన్ని. ‘అన్‌లెస్’ని మెచ్చుకున్నాను. మొదటి వాక్యం మీద నా కన్ను ఆగనేలేదు.

ఎందుకు ఆగుతుంది? మేము టైమెంతైందని అడిగే ముందు మన్నించమంటాం. దుకాణంలో చిల్లర తీసుకుంటూ మన్నించమంటాం. బస్సులో మా కాలు ఎవరైనా తొక్కినా మేమే మన్నించమంటాం. మన్నించండి అనకుండా ఉత్తరం మొదలుపెట్టడమంటే తలుపు తట్టకుండా పరాయి ఇంట్లోకి పోయి పొయ్యి మీద గిన్నె మూత తియ్యడం. ఇది మా కొండజనం మంచితనమనీ, మట్టి వినయమనీ పాటలు కట్టేవాళ్ళున్నారు. వినయమూ లేదు, మట్టీ లేదు. తలుపు బందులకి వేసే నూనె అది. దాంట్లో తప్పొప్పుల ప్రసక్తే లేదు. ఈ సంగతి మయామీ వాడికి ఎవరు చెప్పాలి?

సోమవారం పొద్దున్నే జవాబొచ్చింది. రెండు వాక్యాలు. మీ తప్పు ఒప్పుకుని క్షమాపణ అడిగినందుకు ధన్యవాదాలు. అరవై పెట్టెల సొమ్ము ఈ నెల చెల్లింపులో తగ్గించుకుంటున్నాం.

రుబియేలా మొదట చేసిన పని తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. తన ఉత్తరం తీసి అతుకులన్నీ మళ్ళీ సరిచూసింది. గంటసేపు. ఎక్కడ మెడ వంగిందో అని ఒక్కో వాక్యాన్నీ ఊపి చూసింది. అన్నీ నిటారుగా ఉన్నాయి. అప్పుడు, పట్టీలు మరోసారి చూడమనీ, ఏడు గంటల మాట చూడమనీ తిరిగి రాసింది. ప్రూయిట్ ఈసారి తన మాటలేమీ రాయలేదు. ఆమె మొదటి వాక్యాన్ని కత్తిరించి, పసుపు రంగు పూసి, దాన్నే వెనక్కి పంపాడు.

అప్పుడు చూసింది.

నాతో ఒకే మాట అంది. “రెండు నెలలు లోపలి గదులన్నీ తుడిచాను. వాడు గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా మీదే ఆగి, దాన్ని పట్టుకుపోయాడు.”

బుధవారం కమార్గో పిలిచాడు. ఆ ఉత్తరం కింద సంతకం అతనిది, పైవాళ్ళు అతన్ని అడిగి ఉంటారు. బల్ల మీద ఒక కాగితం తయారుగా ఉంది. కుర్చీ చూపించాడు, కాఫీ తాగుతారా అన్నాడు. ఆమె వద్దంది.

“నాకు చాలా బాధగా ఉంది, రుబియేలమ్మా. మీరు మన్నించాలి. సోమవారం నుంచి బకెట్ల దగ్గర.”

ఆమె నెమ్మదిగా అడిగింది. “బాధగా ఉందంటున్నారు, మన్నించమంటున్నారు. అయితే తప్పు మీదేనా, డాక్టర్ గారూ?”

“అది మాటవరసకి అంటాం కదండీ.”

“నేనూ మాటవరసకే రాశాను. పదివేల ఎనిమిది వందలు పట్టుకుపోయాడు.”

కమార్గో కాగితం ముందుకి జరిపాడు. సంతకం పెట్టాల్సిన చోట చిన్న గీత గీసి ఉంది. ఆమె చదివింది. స్పానిష్ కాగితమే. ఇన్నేళ్ళ మీ సేవకి కృతజ్ఞులం మరియు సోమవారం నుంచి మీరు బకెట్ల విభాగంలో ఉంటారు మరియు మీకు మేలు కలగాలి. చేయి చాచి, అతని బల్ల మీదున్న ఎర్ర పెన్ను తీసుకుంది. కృతజ్ఞతకీ బకెట్లకీ మధ్య ఉన్న ‘మరియు’ చుట్టూ ఒక సున్నా చుట్టింది.

“ఇక్కడ ‘ఎందుకంటే’ కావాలి.”

“ఇలాంటి కాగితాల్లో కారణం రాయం, అమ్మా.”

“మీరే నేర్పారు కదా, దేనివల్ల ఏం జరిగిందో తెలియాలని. సరుకుల జాబితా పనికిరాదని. రాయండి, సంతకం పెడతాను.”

అతను పెన్ను తీసుకున్నాడు. పట్టుకుని కూర్చున్నాడు. ‘ఎందుకంటే మీ ఉత్తరంలో క్షమాపణ ఉంది గనక’ అని రాస్తే, ఆ ఉత్తరం కింద ఉన్నది అతని సంతకం. ‘ఎందుకంటే మీ చేతులు పనికిరావు గనక’ అని రాస్తే, చన్నీళ్ళు ముట్టరాదన్న వైద్యుడి కాగితం పక్కన ఈ కాగితం పెట్టి కార్మిక శాఖలో ఏ గుమాస్తాకైనా చూపిస్తే చాలు, తోట ఇరుక్కుంటుంది. ఇన్నేళ్ళుగా ఆ పెరటికి పంపిన ఆడవాళ్ళందరి కాగితాలూ ‘మరియు’లతోనే ఎందుకు రాశారో రుబియేలాకి ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది. వాళ్ళకి అతుకులు రాక కాదు.

కమార్గో కాగితాన్ని సొరుగులో పెట్టాడు. మళ్ళీ చూద్దాం అన్నాడు. మన్నించండి అని మాత్రం అనలేదు. అనబోయి ఆపుకున్నాడని రుబియేలా అంటుంది.

ఇది గెలుపని నేను రాయను. తోట పత్రికవాళ్ళు రాస్తే రాసుకోనీ. మూడు నెలలు మార్చిలో ముగిశాయి. ఉద్యోగం ఖాయమైందని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. జీతం ఇప్పటికీ పూలు ఏరేదాని జీతమే. ఆ సొరుగులో కాగితం అలాగే ఉంది, ఏ వారమైనా ఎవరైనా తెలివైనవాడు వచ్చి దానికో ‘ఎందుకంటే’ కనిపెట్టవచ్చు. ఆమె సోమవారాలు కమార్గో గది ముందు నుంచి నడిచేటప్పుడు అటు చూడదు.

ఇప్పుడు ఆమె ఉత్తరాలు తారీకుతో మొదలై నేరుగా డిగ్రీల్లోకి వెళ్తాయి. అలా రాయడానికి ఆమెకి ఇంకా మనసొప్పదు. రాసే ముందు కంప్యూటరు తెర వైపు చూసి, “ఏమీ అనుకోకండి అయ్యా, తమరు మన్నించాలి” అని పైకే, స్పానిష్‌లోనే అంటుంది. అన్నాక టైపు చేస్తుంది. పక్క బల్ల అమ్మాయి మొదట్లో నవ్వేది, ఇప్పుడు తనూ అంటోందట. గోడ మీద అట్టలు అలాగే ఉన్నాయి. వాటి పక్కన కొత్తగా ఇంకో అట్ట వెలిసింది. దాని మీద ‘సారీ’ అని రాసి, అడ్డంగా ఎర్ర గీత కొట్టి ఉంది. అది ఏ వరసలోకీ రాదని విడిగా గుచ్చింది.

ప్రూయిట్ ఇంకా తోట పూలే కొంటున్నాడు. ఐదో వంతు కొనేవాడిని కాదనే ధైర్యం ఎవరికీ లేదు. ఏడు గంటల పట్టీ జతచేసి ఆమె అతనికి నెలకో ఉత్తరం పంపుతోంది. ఇప్పటికి పదకొండు వెళ్ళాయి, ఒక్కదాంట్లోనూ అతుకు తప్పలేదు. అరవై పెట్టెలకి అతను ఇవ్వాల్సిన పదివేల ఎనిమిది వందల డాలర్లు ఇంకా రాలేదు.